టెర్రియర్‌కు మూడు షిఫ్టుల పరీక్ష

మా బామ్మర్ది కరీంనగర్‌లో ఏది కొన్నా, ఆరు నెలల తర్వాత అది బెల్లంపల్లిలో మా క్వార్టర్‌కు చేరుతుంది. ఉన్నచోటనే నడిచే మిషను అట్లాగే వచ్చింది. ఇప్పుడు మా అవ్వ, అంటే మా అమ్మ, దాని మీద ఉతికిన చీరలు ఆరేస్తుంది. నూనె లేకుండా వేయించే డబ్బా కూడా అట్లాగే వచ్చింది. అందులో సర్వపిండి పెడితే ఏమవుతుందో ఒకసారి చూశాం, రెండోసారి చూడలేదు. కొనేటప్పుడు అతని ఉత్సాహం చూస్తే, ఆ వస్తువు లేకుండా లోకం ఇన్నాళ్లు ఎట్లా బతికిందా అనిపిస్తుంది. వదిలించుకునేటప్పుడు మాత్రం అదంతా మా మీద ప్రేమ అయిపోతుంది. అందుకే మొన్నటి వానాకాలం చివర్లో అతను కారు వెనక తలుపు తెరిచి ఒక కుక్కను దించితే నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు.

దించాడు అనడం కూడా సరికాదు. తలుపు సందు దొరకగానే అదే దూకింది. గేటు దాటి, తులసి గద్దె చుట్టూ రెండుసార్లు తిరిగి, అవ్వ కాళ్ల మధ్య నుంచి దూరి, వంటింట్లో నుంచి పెరట్లోకి పోయి, పెరటి గోడ పక్క సందులో నుంచి మళ్లీ ముందుకు వచ్చి కారు దగ్గర నిలబడింది. ఇంతేనా మీ ఇల్లు అన్నట్టు మా మొహాల్లోకి చూసింది. తెల్లటి ఒళ్లు, ఒక కన్ను మీద గోధుమరంగు మచ్చ, బెత్తెడు తోక, చంకలో పట్టేంత మనిషి. మనిషి అని ఎందుకన్నానో నాకే తెలియదు.

అది టెర్రియర్ అట. జర హుషారు ఎక్కువ అట. బామ్మర్దిది మూడో అంతస్తు ఫ్లాటు. అక్కడ అది సోఫాను తవ్వింది, పరుపును తవ్వింది, తవ్వడానికి ఇంకేమీ లేక లిఫ్టులో ఎక్కినవాళ్ల ప్యాంట్లు పట్టుకుంది. కింది ఇంటివాళ్లు ఫిర్యాదు చేశారు. అతను దాన్ని ఫోన్‌లో వీడియోలు చూసి కొన్నాడు. వీడియోలో కుక్క ముప్పై సెకన్లే ఉంటుంది. మిగతా రోజంతా ఎట్లా ఉంటుందో ఎవరూ తీసి పెట్టరు.

"మీకైతే క్వార్టరు, ముంగట జాగ, ఎన్క జాగ. మీకు మస్తు సరిపోతది బావా," అన్నాడు. "వద్దంటే చెప్పు. హుస్నాబాద్ కాడ దోస్తుగానిది కోళ్లఫారం ఉన్నది. ఆడ గొలుసేసి కట్టేస్తరు."

మా బిడ్డకు తొమ్మిదేళ్లు. అప్పటికే కుక్క ముందర మోకాళ్ల మీద కూర్చుని ఉంది. కట్టేస్తరు అన్న మాట వినగానే తల ఎత్తి నన్ను చూసింది. ఏమీ అడగలేదు. మా ఇంట్లో పిల్ల ఎక్కువ అడగదు, బుద్ధిమంతురాలు అని అందరితో చెప్పుకునేవాణ్ని.

నేను వెంటనే ఔననేవాణ్ని కాను, కాదనేవాణ్ని కూడా కాను. నేను బొగ్గుబాయిలో సర్దారును. సర్దారు అంటే తలపాగా వాళ్లు కాదు. భూమి లోపల మనుషులు పనిచేసే చోటుకు ముందుగా పోయి, పైకప్పును కర్రతో తట్టి, అది గట్టిగా ఉందా, విడిపోయి ఉందా అని చెప్పే ఉద్యోగం. షిఫ్టు అయిపోయాక చూసిందంతా రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. పద్దెనిమిదేళ్ల నుంచి చేస్తున్నాను. ఈ పని చేసినవాడు పెళ్లికి పోయినా భోజనం కంటే ముందు షామియానా గుంజలు చూస్తాడు. కాబట్టి కుక్క విషయంలో కూడా తట్టి చూడాలన్నాను. మాకు ఒక వారం ఫస్ట్ షిఫ్ట్, ఒక వారం సెకండ్ షిఫ్ట్, ఒక వారం నైట్ షిఫ్ట్. మూడు షిఫ్టులు కుక్క మా ఇంట్లో ఉండాలి. మూడో వారం ఆఖరున, ఆదివారం నాడు బామ్మర్ది రావాలి. నేను రిపోర్టు చదువుతాను. పాస్ అయితే ఉంటుంది, లేకుంటే హుస్నాబాద్.

బామ్మర్ది సంతోషంగా ఒప్పుకుని, కుక్క గొలుసు, కుక్క పళ్లెం, కుక్క దువ్వెన దింపి, తాను మంచిర్యాల దాటేదాకా మా మనసు మారకూడదన్నంత వేగంగా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నా భార్య ఫోన్ పట్టుకుని కూర్చుంది. టెర్రియర్ మీ ఇంటికి సరిపోతుందా అని ఎవరో మహానుభావులు ప్రశ్నలు తయారుచేసి పెట్టారు. ఒక్కొక్కటే చదివింది. రోజుకు కనీసం గంటసేపు దాన్ని పరుగెత్తించగలరా? ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నాలుగిళ్ల అవతల కటింగ్ షాపుకు కూడా బండి మీద పోయే మనిషిని నేను. తర్వాతి ప్రశ్నకు పోయింది. మీ పెరటికి గట్టి కంచె ఉందా? ఉంది. మా క్వార్టర్ల లైన్‌లో అందరికీ ఉన్నట్టే పాత కన్వేయర్ బెల్టు ముక్కలు పాతిన కంచె. ఏనుగు గుద్దినా వంగదు. తవ్వే అలవాటును భరించగలరా? ఈ జాతిని బొరియల్లోకి దూరి నక్కలను, ఎలుకలను తరమడానికే పెంచారని కింద రాసి ఉంది.

అవ్వ అప్పటిదాకా శని వచ్చింది, శని వచ్చింది అని గొణుగుతోంది. ఈ మాట విని ఆగింది. "అంటే గిది సుత అండర్‌గ్రౌండేనా?" అని అడిగింది. ఔనన్నాం. మా బాపు ముప్పై ఏళ్లు బాయి దిగినవాడు. నా ఉద్యోగం కూడా డాక్టర్లు ఆయన్ని పనికి అన్‌ఫిట్ అని రాస్తేనే, వారసుడిగా నాకు వచ్చింది. కుక్కను అవ్వ మొదటిసారి కాస్త మర్యాదగా చూసింది.

ఆ తర్వాతి ప్రశ్న దగ్గర నా భార్య కొంచెం తడబడింది. ఈ కుక్కలు ఎక్కువగా అరుస్తాయి. మీ ఇంట్లో నిశ్శబ్దం అవసరమైన రోగులు, పసిపిల్లలు ఉన్నారా? మా ఇంట్లో రోగులు లేరు, పసిపిల్లలు లేరు. కానీ ముగ్గురూ ఒకేసారి నావైపు చూశారు.

బయటివాళ్లకు ఈ సంగతి చెప్పాలి. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాడు పగలు నిద్రపోవాలి. నిద్రలేని సర్దారు తప్పు వింటే పదిమంది బండ కింద పడిపోతారు. ఇందులో అబద్ధం లేదు. అందుకని బాపు కాలం నుంచి మా ఇంట్లో అవ్వ పెట్టిన చట్టం ఒకటి నడుస్తోంది. నైట్ షిఫ్ట్ వారంలో కుక్కర్ విజిల్ వేయకూడదు, పప్పు గిన్నెలోనే ఉడకాలి. ఫ్యాను కిర్రుమనకుండా అవ్వ కుట్టుమిషను నూనె పోయిస్తుంది. ఆ కుట్టుమిషను మాత్రం నడవకూడదు. నా భార్య జాకెట్లు కుడుతుంది. మూడు వారాలకు ఒక వారం బట్టలు మూటగట్టుకుని పక్క లైన్‌లో ఉన్న స్నేహితురాలి ఇంటికి పోయి, ఆమె మిషను ఖాళీ ఉన్నప్పుడు కుట్టుకుంటుంది. ఉల్లిగడ్డల ఆటో మైకు మా గేటు దగ్గరికి రాగానే మూగబోతుంది. పాత సామాన్ల చాచా మా ఇల్లు దాటేదాకా గంట మోగకుండా చేత్తో పట్టుకుని నడుస్తాడు. వాళ్లిద్దరినీ అవ్వ ఎట్లా ఒప్పించిందో అడిగే ధైర్యం నాకు లేదు. మా చుట్టాలు రావాలనుకుంటే ముందు ఫోన్ చేసి షిఫ్ట్ అడుగుతారు, తర్వాత బాగోగులు. మా బిడ్డ నడక నేర్చుకున్నదే మునివేళ్ల మీద.

నిజం చెప్పాలంటే ఈ రాజభోగం నాకు బాగానే ఉండేది. బాయిలో నన్ను నా పైనున్న ఓవర్‌మన్ తిడతాడు, ఆయన పైనున్న అండర్ మేనేజర్ తిడతాడు, యూనియన్ వాళ్లు కూడా నాలుగు మాటలంటారు. ఇంటికొస్తే మాత్రం నేను కన్ను మూస్తే వీధి మొత్తం నోరు మూసుకుంటుంది. ఇంతటి వైభవం మండలాధ్యక్షుడికి కూడా లేదు.

బిడ్డ పాత నోటుపుస్తకంలో వెనక పేజీలు తీసుకుని రిపోర్టు మొదలుపెట్టాను. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. ఫస్ట్ షిఫ్ట్ వారం మొదటి రోజు: "పెరట్లో మూడు గుంతలు. లోతు జానెడు. కంచెకు ప్రమాదం లేదు." రెండో రోజు: "ఎడమకాలి బూటు నమిలింది. కంపెనీ ఇచ్చిన సామానుకు నష్టం. మౌఖికంగా హెచ్చరించాను." హెచ్చరించింది నిజమే. వేలు చూపించి చెబుతుంటే అది తల పక్కకు వంచి శ్రద్ధగా విని, కుడికాలి బూటు తెచ్చి నా ముందు పెట్టింది.

నాలుగో రోజు పెద్ద సంఘటన జరిగింది. మా బాత్రూం గోడ కింద రెండేళ్లుగా ఒక పందికొక్కు కాపురం చేస్తోంది. అవ్వ దానికి మందు పెట్టింది, బోను పెట్టింది, పొగ పెట్టింది. అది మందును వదిలేసి, బోనులోని పల్లీలు తిని, పొగకు తుమ్మి కూడా ఉండదు. కుక్క ఆ గోడ దగ్గర పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నానికి నడుము దాకా లోపలికి పోయింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి దాని తోక మాత్రమే పైన ఉంది. సాయంత్రం పందికొక్కును తెచ్చి అవ్వ కాళ్ల దగ్గర పడేసింది. అవ్వ ఒక జొన్నరొట్టె విరిచి, సగం తాను తిని, సగం దానికి పెట్టింది. ఆ రోజు నుంచి శని అనే మాట ఇంట్లో వినబడలేదు. నా రిపోర్టులో మాత్రం "అనుమతి లేకుండా గోడ కింద తవ్వకం, ఆసరా ఏర్పాటు చేయలేదు" అని రాశాను.

రెండో వారం సెకండ్ షిఫ్ట్. అప్పటికి దసరా సెలవులు మొదలయ్యాయి. మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాను కాబట్టి దగ్గరి నుంచి గమనించాను. కుక్కకు గంటసేపు పరుగు అన్నారు కదా, అది తప్పు. గంటసేపు అది ఆగుతుందేమో, మిగతాదంతా పరుగే. బిడ్డ దాని వెనక క్వార్టర్ల చుట్టూ తిరిగేది. రెండు మోకాళ్లూ కొట్టుకుపోయాయి. అన్నం ముందు కూర్చోబెట్టి బతిమాలితే తప్ప తినని పిల్ల, పళ్లెం తానే తెచ్చుకుని కూర్చుంటోందని నా భార్య చెప్పింది. ఆ మాటను కూడా రిపోర్టులో రాయమంది. అది పిల్ల సంగతి, కుక్క సంగతి కాదు, రిపోర్టుకు సంబంధం లేని విషయాలు రాయకూడదన్నాను. ఆమె నన్నొకసారి చూసి దారం కొరికింది.

అసలు పరీక్ష మూడో వారం. ఆ ముందటి రాత్రి అన్నం దగ్గర బిడ్డ కుక్కను ఒళ్లో పెట్టుకుని దాని చెవిలో చాలాసేపు ఏదో చెప్పింది. కుక్క ఆమె ముక్కు నాకింది. ఒప్పందం కుదిరిందో లేదో అర్థం కాలేదు.

సోమవారం డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, టిఫిన్ తిని పడుకున్నాను. గంటన్నర కాకముందే ఉలిక్కిపడి లేచాను. గుండె దడదడా కొట్టుకుంటోంది. గది తలుపు తీశాను, బయట కుక్క ఒక్కసారి అరిచింది. పుస్తకం తీసి రాశాను: "కుక్క అరుపు వల్ల మెలకువ. మళ్లీ నిద్ర లేదు." బయటికి పోయి అందరి మీదా కేకలేశాను. నా ప్రాణం మీదికి తెస్తున్నారని, పదిమంది ప్రాణాలు నా చెవుల మీద ఉన్నాయని, ఇంట్లో ఆ మాత్రం తెలివి లేదని అన్నాను. అవ్వ అపరాధిలా తల వంచుకుంది. బిడ్డ కుక్క మూతిని రెండు చేతులతో మూసి పట్టుకుని నిలబడింది.

మంగళవారం మళ్లీ అదే. లేవడం, దడ, చెమట. "కుక్క. నిద్ర రెండు గంటలు." బుధవారం మాత్రం ఆశ్చర్యంగా సాయంత్రం నాలుగు దాకా ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. లేచేసరికి పసిపిల్లాడిలా చొంగ కారి దిండు తడిసి ఉంది. ఎన్ని నెలలైందో అట్లా పడుకుని. ఉదారంగా రాశాను: "ఈ రోజు కుక్క క్రమశిక్షణతో ఉంది. చప్పుడు లేదు. ఇట్లాగే ఉంటే పరిశీలించవచ్చు." గురువారం, శుక్రవారం మళ్లీ మామూలే. గంటకొకసారి మెలకువ. రెండు రోజులూ కుక్క పేరే రాశాను. శనివారం పొద్దున ఆఖరి లైను రాసి కింద గీత గీశాను: "మూడు షిఫ్టుల పరిశీలన మీదట, ఈ కుక్క ఇంటికి అన్‌ఫిట్." సంతకం పెట్టాను. సంతకం పెట్టాక మనసు ఎంతో హాయిగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. అయినా నియమం నియమమే.

ఆదివారం పొద్దున పదింటికి బామ్మర్ది దిగాడు. హుస్నాబాద్ దోస్తుకు ముందే ఫోన్ చేసి పెట్టుకున్నానన్నాడు. చాయ్ తాగాం. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. బిడ్డ పెరటి తలుపు దగ్గర కడప మీద కుక్కను వాటేసుకుని కూర్చుంది. ఆమె కళ్లు అప్పటికే వాచి ఉన్నాయి, పుస్తకం ఆమెదే కదా, చదివే ఉంటుంది. నేను కళ్లద్దాలు పెట్టుకుని రిపోర్టు మొత్తం చదివాను. బూటు నష్టం దగ్గర బామ్మర్ది నవ్వాడు. అన్‌ఫిట్ దగ్గర ఎవరూ నవ్వలేదు.

నా భార్య అప్పటిదాకా జాకెట్‌కు కాజాలు కుడుతోంది. సూది జాకెట్‌కు గుచ్చి పక్కన పెట్టి, పుస్తకం ఇటివ్వమంది.

"సోమవారం ఒక్కసారి మొరిగిందన్నవు గదా. నువ్వు లేచి తలుపు తీసినవు. తలుపు సప్పుడుకు అది మొరిగింది," అంది. "నువ్వు లేచినంకనే మొరిగింది."

అదెట్లా అన్నాను. ఆమె నా మాట పట్టించుకోలేదు. వేలితో లైను చూపిస్తూ పోయింది. సోమవారం నేను కేకలేశాక, మంగళవారం పొద్దున నేను పడుకోగానే బిడ్డ కుక్కను తీసుకుని పక్క లైన్‌లో ఆ కుట్టుమిషను స్నేహితురాలి ఇంటికి పోయిందట. సాయంత్రం దాకా ఇద్దరూ అక్కడే ఉన్నారట. గురువారం నా భార్యే దాన్ని బస్సులో సంచిలో పెట్టుకుని మంచిర్యాలకు సూది వేయించడానికి తీసుకుపోయిందట. సూది వేసిన చీటీ తెచ్చి బామ్మర్దికి చూపించింది. శుక్రవారం మళ్లీ స్నేహితురాలి ఇల్లే. నేను కుక్క పేరు రాసిన ఆ మూడు రోజులూ నేను నిద్రపోయే వేళకు మా ఇంట్లో కుక్కే లేదు.

"మరి బుధవారం?" అన్నాను.

బుధవారం పొద్దున పదిన్నరకు లైన్ మీదికి కోతుల మంద వచ్చిందట. నలభై దాకా ఉంటాయట. మా వసారా రేకుల మీద ఎక్కి గంతులేశాయట. కుక్క రెండు గంటలు ఆగకుండా మొరిగిందట. గొంతు పోయి తర్వాత నీళ్లు కూడా తాగలేకపోయిందట. లైన్‌లో వాళ్లంతా పళ్లేలు కొట్టారు, ఎవరో పటాకులు కాల్చారు, కోతి ఒకటి మా నీళ్ల ట్యాంకు మూత తీసి సరిగ్గా నా కిటికీ బయట సిమెంటు మీద వేసింది. ఇంట్లో వాళ్లంతా ఇక అయిపోయింది, లేచాడు అనుకుని నా గది తలుపు తీసి చూశారట. నేను నోరు తెరుచుకుని గురక పెడుతున్నాను.

బామ్మర్దికి నవ్వు ఆగలేదు. నా భార్య నవ్వలేదు. మొదటి రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు అడిగితే గద. నువ్వు లేసుడు, పుస్తకం తీసుడు, రాసుడు. రాసుడు అయిపోనీ అని సూసిన," అంది.

ఇంత అవమానం నాకు బాయిలో ఎప్పుడూ కాలేదు. పద్దెనిమిదేళ్లలో నా రిపోర్టును ఎవరూ తప్పు పట్టలేదు. ఎక్కడో లెక్క తప్పింది, రోజులు తారుమారయ్యాయి అని ఏదో అనబోయాను. అప్పుడు అవ్వ నోరు తెరిచింది. నన్ను కాదు, గోడను చూస్తూ మాట్లాడింది. బాపు కూడా అంతేనట. ఉద్యోగం దిగిపోయాక ఆయనకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదట. రేడియో చెవి పక్కన పెట్టుకుంటేనే పడుకునేవాడట. స్టేషన్ అయిపోయి గరగరమంటున్నా సరే, ఆపితే దిగ్గున లేచేవాడట. ముసలితనం చాదస్తం అనుకుందట.

"మీ బాపుకు సప్పుడు గావాలె కావచ్చు. నేను ముప్పై ఏండ్లు నోరు మూసుకున్న," అంది అవ్వ.

నేను నా భార్య చేతిలో నుంచి పుస్తకం తీసుకుని మూసేశాను. అవ్వ అన్న మాట నాకు ఎక్కడో తగిలింది. బాయి లోపల ఎప్పుడూ చప్పుడే. మిషన్లు, బెల్టు, బొగ్గు టబ్బులు, నీళ్ల పంపు, మనుషుల కేకలు. ఆ చప్పుడులో పంపు పక్కన తువ్వాల పరుచుకుని పావుగంట కునుకు తీసినవాణ్నే నేను. అక్కడ చప్పుడు ఆగేది ఒక్కప్పుడే. పైకప్పు మీద అనుమానం వచ్చినప్పుడు సర్దారు చెయ్యెత్తుతాడు. మిషన్లు ఆపేస్తారు. నలుగురూ ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఆ నిశ్శబ్దంలో సర్దారు చెవి పెట్టి వింటాడు, పైన బండ కదులుతోందా అని. పద్దెనిమిదేళ్లుగా నా చెవులకు నేర్పింది అదొక్కటే. చుట్టూ మనుషులు నోరు మూసుకున్నారంటే నెత్తి మీద ఏదో ఉందని. అట్లాంటి చెవులను తెచ్చి నేను పగలంతా నోరు మూసుకున్న ఇంట్లో పడుకోబెడుతున్నాను.

అంతవరకే అయితే నవ్వి ఊరుకునేవాణ్నేమో. ఇంకొకటి ఉంది. అది రిపోర్టులో లేదు, కుక్క రాకముందు రెండు నెలల కిందటిది. కొత్త చోట పని మొదలైంది. తట్టి చూశాను, గట్టి బండ మోగినట్టే మోగింది. ఆరుగురిని లోపలికి పంపాను. కాసేపటికి ఎందుకో మనసొప్పక అందరినీ బయటికి పిలిచాను. వాళ్లు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాక, అంతకుముందు వాళ్లు నిలబడ్డ చోట బండ కూలింది. ఎవరికీ గోరు కూడా ఊడలేదు. రిపోర్టులో రెండు లైన్లు రాశాను, ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. కానీ గట్టిగా మోగింది. నేను విన్నాను. నా చెవులు తప్పు విన్నాయి.

ఇదంతా ఆ ఆదివారం పొద్దున చాయ్ గ్లాసులు ముందు పెట్టుకుని వాళ్లకు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. కుక్క మీద రాసిన అబద్ధం పట్టుబడ్డాక దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదేమో. పడుకున్నాక బండ కదిలినట్టు వినబడుతుందని, లేచి స్లాబును చూస్తానని, లైటు వేసి, కుర్చీ ఎక్కి చేత్తో తడిమి కూడా చూశానని చెప్పాను. "భయమైతాంది," అన్నాను. ఆ మాట మా ఇంట్లో నా నోట రావడం అదే మొదలు. నా భార్య కాజాల జాకెట్‌ను ఒళ్లో మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. తర్వాత లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె తమ్ముడి ముందు ఎప్పుడూ అట్లా కూర్చోదు.

బామ్మర్ది చాయ్ గ్లాసు పక్కకు జరిపి, "మరి కుక్కను ఏం జేద్దాం బావా," అన్నాడు. అతనికి పాపం హుస్నాబాద్ దోస్తు ఎదురుచూస్తున్నాడు.

"ఉండనీ," అన్నాను. పుస్తకం తెరిచి అన్‌ఫిట్ అన్న మాట కొట్టేశాను. ఎవరు అన్‌ఫిటో అక్కడ రాయాలి కదా అని పెన్ను పట్టుకుని కూర్చుని, రాయలేక మూసేశాను.

బిడ్డ కడప మీద నుంచి లేచి వచ్చింది. కుక్కను చంకలో పెట్టుకునే ఉంది. కుక్క ఉంటుందన్నందుకు ఎగిరి గంతేస్తుందనుకున్నాను. గంతేయలేదు. నా ముందుకు వచ్చి, నా చెవి దగ్గరికి వంగింది.

"మేం సప్పుడు జేయకుంటే, మేం ఉన్నమని నీకెట్ల తెలుస్తది బాపూ?" అని అడిగింది.

ఆ రోజు నైట్ షిఫ్ట్ లేదు, పడుకున్నవాళ్లు ఎవరూ లేరు. అయినా నా బిడ్డ ఆ మాటను గుసగుసగానే అడిగింది. పగటిపూట నేను ఇంట్లో ఉంటే ఆమెకు వేరే గొంతు అలవాటు లేదు.